విశ్వసనీయ వర్గాలు

"విశ్వసనీయ వర్గాల ద్వారా అందిన సమాచారం ప్రకారం..." అని ఆయన హాల్లో కూర్చుని పేపరు గొంతెత్తి చదువుతున్నప్పుడు, ఆ విశ్వసనీయ వర్గాలు వంటింట్లో మాడిపోయిన పాలగిన్నె అడుగు గీకుతున్నాయి.

గీకుడు చప్పుడుకి సరిగ్గా వినపడటం లేదని అత్తగారు మంచం మీంచే కేకేసింది. "కాసేపు ఆ గిన్నె ఆపవే! అబ్బాయి వార్త చదువుతున్నాడు కదా." ఆమె ఆపింది. తను చెప్పిన సంగతి తనే వినడానికి తన పని తనే ఆపుకోవడం ఆ ఇంట్లో కొత్తేం కాదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమె కూడా కూర్చోవాలని అనుకోలేదు. పొయ్యి మీద కూర ఉంది.

ఆయన ఉద్యోగం కరెంటాఫీసులో గుమాస్తా. ఆ ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "ఏదో ఉందిలెండి" అంటాడు. అడగకపోయినా చెప్పుకునేది రెండోదాని గురించి. ఆ ఊరి పేపరువాళ్ళు ఒక పథకం పెట్టారు. మీ వీధి వార్త మీరే రాయండి, ఫోటో తీసి ఫోన్లో పంపండి, బాగుంటే మీ పేరుతో వేస్తాం అని. దానికి పౌర విలేఖరి అని పేరు. జీతం ఉండదు, మెడలో వేసుకోవడానికి ఒక కార్డు మాత్రం ఇస్తారు. ఆ కార్డు వచ్చినప్పటి నుంచి ఆయన దాన్ని స్నానానికి తప్ప తీయలేదు. ఆ భవనంలో అద్దెకుండే వాళ్ళందరికీ ఆయన రిపోర్టరుగారు, ఆమె రిపోర్టరుగారి ఆవిడ. "జీతం భత్యం లేకుండా సమాజానికి చాకిరీ చేస్తున్నానోయ్, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పు" అని ఆయన అన్నప్పుడల్లా ఆమె చేతిలో చీపురో, ఇస్త్రీపెట్టో, అత్తగారి బెడ్‌పానో ఉండేది. ఎవరు చేస్తారో ఆమె చెప్పబోయేది, ఆయన అప్పటికే ఇంకో మాటలోకి వెళ్ళిపోయేవాడు.

పెళ్ళైన కొత్తలో ఆయన సాయంత్రం చెప్పులు విప్పుతూనే "ఏంటి విశేషాలు?" అని అడిగేవాడు. ఆ ఒక్క మాటకి ఆమె ఎంత మురిసిపోయిందని! పుట్టింట్లో నాన్న ఏనాడూ అమ్మని అలా అడగ్గా వినలేదు. తన తోటి ఆడవాళ్ళ మొగుళ్ళు అన్నం అడుగుతారు, చొక్కా అడుగుతారు, రిమోట్ అడుగుతారు. విశేషాలు అడిగే మొగుడు తనకే దొరికాడు. అందుకని రోజంతా పోగుచేసి పెట్టుకునేది. కొరియర్ ఆఫీసు కౌంటర్లో తను కూర్చున్నప్పుడు జనం ఏమనుకున్నారో, నీళ్ళ ట్యాంకర్ దగ్గర ఎవరు ఎవరితో ఎందుకు తగాదా పడ్డారో, కింది వాటా పిల్లల్ని బడి బస్సువాడు మలుపులోనే ఎలా దించేసి పోతున్నాడో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయన శ్రద్ధగా వినేవాడు. అంత శ్రద్ధగా విన్న మనిషి మీద ప్రేమ పుట్టకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు కొరియర్ పొట్లానికి చుట్టిన పాత పేపర్లో బడి బస్సు వార్త కనపడింది. కింద ఆయన పేరు. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు, "మలుపులోనే దించేసి పోతున్నాడు" అన్న ముక్కతో సహా. ఆమె మాత్రం విశ్వసనీయ వర్గాలైంది. ఆ సాయంత్రం ఆయన "ఏంటి విశేషాలు?" అన్నప్పుడు మొదటిసారి ఆయన మొహం కాకుండా చేతివైపు చూసింది. ఫోన్లో వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఇదా సంగతి, అనుకుంది. ఒళ్ళు మండింది, ఆ వెంటనే తన మీద తనకే నవ్వొచ్చింది. అయినా చెప్పడం మానలేదు. చెప్పకపోతే ఇంక ఆయన తనతో మాట్లాడేదేం మిగులుతుంది?

ఇప్పుడు ఆయన చదువుతున్నది ఆసుపత్రి వార్త. మొదటి పేజీలో వేశారు. పౌర విలేఖరుల వార్త మొదటి పేజీలో రావడం ఇదే మొదలట. పైన రంగుల్లో పెద్ద ఫోటో. తీగ మీద వరసగా వేలాడుతున్న గొట్టాలు, బట్టల క్లిప్పులు పెట్టి.

ఆ ఫోటో ఆమె తీసింది. అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు, ఆసుపత్రిలో పక్కన ఉండటానికి ఇంట్లో చర్చేమీ జరగలేదు. "నాకు లీవు దొరకదు, పైగా ఆడవాళ్ళ వార్డులో నేనెలా ఉంటాను?" అని ఆయన తేల్చేశాడు. ఆమె లీవు దొరుకుతుందో లేదో ఎవరూ అడగలేదు. కొరియర్ మేనేజరు మాత్రం అడిగాడు, "మీ అత్తగారికి కొడుకులు లేరా అమ్మా?" అని. ఉన్నాడని చెబితే, "మరి?" అన్నాడు. ఆమె లీవు కాగితం మీద సంతకం పెట్టి వచ్చేసింది. తిరిగి వెళ్ళేసరికి కౌంటర్లో ఆమె కుర్చీలో కొత్తగా చేరిన పిల్ల ఉంది. ఆమెని వెనక గదిలో పొట్లాలు సర్దే పనికి మార్చారు.

ఆసుపత్రిలో పొద్దున్నే రోగుల బట్టలు ఉతుక్కోవడానికి వెనకవైపు ఒక తొట్టి ఉంది. అక్కడికి డాక్టర్లు రారు, నర్సులు రారు. రోగుల్ని చూడ్డానికొచ్చి పది నిమిషాల్లో వెళ్ళిపోయే మగవాళ్ళు అసలే రారు. పక్కనుండే ఆడవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, అంతే. ఒక ఆయా బకెట్లో సబ్బు నురగ పెట్టి ఏవో నానబెట్టింది. పైకి తీస్తే గొట్టాలు. రోగులకి సెలైన్ ఎక్కించేవి, మూత్రానికి పెట్టేవి. శుభ్రంగా రుద్ది, జాడించి, తీగ మీద ఆరేస్తోంది. "గాలికి ఎగిరిపోతున్నాయి, నీ దగ్గర క్లిప్పులుంటే కాసిని ఇయ్యమ్మా" అని అడిగింది. ఆమె తన సంచిలోంచి గుప్పెడు తీసిచ్చింది. ఇచ్చాక అడిగింది, "ఇవెందుకు ఆరేస్తున్నావు?" అని. ఆయా ఆమెని అమాయకురాలిని చూసినట్టు చూసింది. "మళ్ళీ వాడొద్దూ?" అంది. తొట్టి పక్కనే ఉన్న గదిలో ఒకతను ఆరిన గొట్టాల్ని కొత్త కవర్లలో పెట్టి, మిషన్ మీద అంచులు అతికిస్తున్నాడు. అప్పటికి అత్తగారికి జ్వరం పట్టుకుని వదలడం లేదు. ఎందుకొచ్చిందో తెలియడం లేదని డాక్టరు అంటున్నాడు. ఆమె ఫోను తీసి ఫోటో తీసింది. పెద్ద డాక్టరు రౌండ్లకి వచ్చినప్పుడు అడిగింది కూడా. ఆయన కేసుషీటు మీంచి తలెత్తకుండా "మీరేం చదువుకున్నారమ్మా?" అన్నాడు. వార్డంతా విన్నారు. ఆమె నోరు మూతపడింది.

ఇంటికొచ్చాక అన్నీ చెప్పింది. ఆయన ఆ రోజు విన్నంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. "ఫోటో ఉందా?" అన్నాడు. ఉంది.

ఇప్పుడు పేపర్లో ఆ ముక్కే ఆయన గద్గదమైన గొంతుతో చదువుతున్నాడు. "పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక నర్సు, అదే ఆసుపత్రిలో పనిచేస్తూ ఈ ఘోరాన్ని కళ్ళారా చూసి, ఫోటో తీసి, మా ప్రతినిధి ఎదుట కన్నీళ్ళ పర్యంతమయ్యారు."

అత్తగారు "అయ్యో పాపం" అంది.

"ఆ నర్సెవరండీ?" అంది ఆమె గుమ్మంలోంచి.

"ఏ నర్సు?"

"ఏడ్చిందే, ఆ నర్సు."

ఆయన పకపకా నవ్వాడు. "నువ్వేనోయ్!"

"నేనెప్పుడు ఏడ్చాను? నేనెప్పుడు నర్సునయ్యాను?"

"చూడు," అన్నాడు ఆయన, పేపరు మడుస్తూ, చిన్నపిల్లకి లెక్క నేర్పుతున్న ఓపికతో. "మా ఆవిడ చూసింది అని రాస్తే ఎవడు నమ్ముతాడు? ఇంట్లో ఆడవాళ్ళు వెయ్యి చూస్తారు, వెయ్యి అంటారు. నర్సు అంటే దానికి ఒక బరువుంటుంది. పేపరు డెస్కులో వాళ్ళు కూడా అదే అడిగారు, చెప్పిందెవరు, సోర్సు ఎవరని. అనేశాను. ఇక కన్నీళ్ళంటావా, చదివేవాళ్ళకి అవి కావాలి."

తను అక్కడ నిలబడి ఉంది, తడిచేతులతో, రెండు కళ్ళతో. ఆ కళ్ళు చూసినదాంతో మొదటి పేజీ వార్త రాశాడు. అందులో కళ్ళు మాత్రం ఇంకొకరివి పెట్టాడు. కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. "ఏమే, మాడుతోంది!" అంది అత్తగారు. ఆమె లోపలికి పరుగెత్తింది.

అది అక్కడితో పోతే పోయేది. అలాంటివి ఆమె ఎన్ని మింగలేదు! కానీ పై వాటాలో నిజంగానే ఒక నర్సు ఉంది. అదే ఆసుపత్రిలో, పిల్లల వార్డులో పనిచేస్తుంది. మంచంలో ఉన్న తండ్రితో ఉంటోంది, ఆయన మందులూ ఇంటద్దే అన్నీ ఆ ఒక్క ఉద్యోగం మీదే. అత్తగారిని ఇంటికి తెచ్చాక పడక పుళ్ళు పడకుండా ఎలా ఒత్తిగిలించాలో, ఎక్కడ దిండు పెట్టాలో, డ్యూటీ దిగివచ్చి కాళ్ళు పీకుతున్నా కూడా దగ్గరుండి నేర్పింది ఆ అమ్మాయే. "అక్కా, నువ్వు కాస్త తిన్నావా?" అని ఆ ఇంటి చుట్టుపక్కల అడిగిన మనిషి కూడా ఆ అమ్మాయే. ఆసుపత్రివాళ్ళు వార్త చూశారు, వార్త రాసినాయన చిరునామా చూశారు. అదే భవనంలో తమ నర్సు ఉండటం చూశారు. ఇంకేం కావాలి? విచారణ పూర్తయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఫోటోలో ఉన్నది తమ ఆసుపత్రే కాదనీ, ఉద్యోగి పగబట్టి అల్లిన కట్టుకథ అనీ పేపరువాళ్ళకి నోటీసు పంపారు. అలా ముద్ర పడి బయటికొస్తే ఆ అమ్మాయిని మరో ఆసుపత్రి గడప తొక్కనివ్వదు.

ఈ సంగతి ఆమెకి మెట్ల దగ్గర కింది వాటావాళ్ళ మాటల్లో తెలిసింది. సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే, ఆయన "ఏంటి" అనేలోగానే చెప్పేసింది.

"తెలుసు," అన్నాడు ఆయన. "మధ్యాహ్నం డెస్కు నుంచి ఫోనొచ్చింది."

"మరి చెప్పారా? ఆ అమ్మాయి కాదని?"

"సోర్సు సంగతి బయటపెట్టకూడదోయ్. తల తెగినా చెప్పకూడదు. అది ఈ వృత్తికి ప్రాణం."

"సోర్సు నేనే కదండీ! బయటపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు."

"అది నువ్వు చెప్పేది కాదు."

ఇదెక్కడి న్యాయం? తన పేరు తనకోసం కాకపోతే దాచిపెట్టేది ఎవరికోసం? ఆయన గొంతు తగ్గించి, కాస్త తీపి కలిపి, అసలు సంగతిలోకి వచ్చాడు. పేపరువాళ్ళు ఏటా ఇచ్చే ఉత్తమ పౌర విలేఖరి అవార్డు ఈసారి ఆయనకే. ఆదివారం సభ. ఇప్పుడు నర్సు లేదు, మా ఆవిడే అంటే, లేని మనిషిని సృష్టించి వార్త రాశాడని కార్డు లాగేసుకుంటారు. పరువు బజారున పడుతుంది. "నేను ఆసుపత్రివాళ్ళతో మాట్లాడతాలే. నాకక్కడ తెలిసినవాళ్ళున్నారు. నువ్వు కంగారుపడి నోరు జారకు. అవార్డు అయిపోనీ, మెల్లిగా సర్దేస్తాను."

ఆమె నమ్మింది. ఇంతకాలం కాపురం చేసిన మనిషి మాట నమ్మకపోతే ఎలా అని నమ్మింది. నమ్మడం సులువు కూడా. నమ్మితే పై మెట్లెక్కి ఆ అమ్మాయి మొహం చూడనక్కర్లేదు. రోజూ "మాట్లాడారా?" అని అడిగేది. ఆయన "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ మాట్లాడాడనో, విన్నాననో, విసిగించకనో తెలిసేది కాదు. ఒకసారి గట్టిగా అడిగితే విసుక్కున్నాడు. "నీకు ఆ పిల్ల మీద ఉన్న జాలి నా మీద లేదు. దానికింకోచోట దొరుకుతుంది ఉద్యోగం. నాకింకో పేరు దొరుకుతుందా?" అత్తగారు అందుకుంది. "అయినా ఆ గొట్టాలేవో, ఆ గోలేంటో! నువ్వు ఫోటోలు తియ్యడమెందుకసలు? నన్ను చూసుకోడానికి వెళ్ళావా, ఊరు చూడ్డానికి వెళ్ళావా?"

"ఆ గొట్టాలు మీకూ పెట్టారత్తయ్యా. మీకొచ్చిన జ్వరం దానివల్లే అయ్యుంటుంది."

అత్తగారు ఒక్క క్షణం బిక్కమొహం వేసింది. చెయ్యి తనకు తెలియకుండానే దుప్పటి మీద, గొట్టం పెట్టిన చోటికి పోయింది. మళ్ళీ సర్దుకుంది. "తగ్గిపోయిందిగా," అంది. "వాడి మనసు కష్టపెట్టకు."

శనివారం మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది. సభకి వేసుకునే తెల్లచొక్కా ఉతికి తెమ్మన్నాడు ఆయన. డాబా అన్ని వాటాలకీ ఉమ్మడి. క్లిప్పులు ఒకరివి ఒకరు పట్టుకుపోతున్నారని తగాదాలైతే ఆడవాళ్ళు తలా ఒక గుర్తు పెట్టుకున్నారు. ఒకావిడ దారం కట్టింది, ఒకావిడ కొస విరిచింది. ఆమె తన క్లిప్పులన్నిటికీ ఎర్ర నెయిల్‌పాలిష్‌తో చుక్కలు పెట్టింది. ఎప్పటిదో ఆ సీసా, గోళ్ళకి వేసుకునే తీరిక ఎటూ లేదు, కనీసం క్లిప్పులకైనా పనికొస్తుందని. చొక్కా దులిపి తీగ మీద వేస్తుంటే అవతలి తీగ దగ్గర నర్సమ్మాయి కనపడింది. డ్యూటీ లేకపోయినా తెల్ల యూనిఫాం ఉతికి ఆరేస్తోంది.

ఆమె "బాగున్నావా?" అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

నర్సమ్మాయి దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోంచి ఒక క్లిప్పు తీసుకుంది. చుక్క పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంది.

"పేపరు నా మొహం మీద పెట్టి 'ఇది నువ్వే కదా తీసింది' అన్నారు. మొదట నాకు కనపడింది ఇదే అక్కా. ఎర్ర చుక్క. అంత పెద్దగా వేశారుగా ఫోటో."

"నీకు తెలుసా? మరి... చెప్పలేదేం?"

"చెబితే? మీ అత్తగారి కాగితాలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. రేపు మళ్ళీ ఆవిడకి కాలు చూపించుకోడానికి అక్కడికే పోవాలి. నీ మీద పడతారు. ఎవరు తీశారో నాకు తెలీదన్నాను." ఆ అమ్మాయి గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది. "నువ్వొస్తావనుకున్నాను. మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఇదుగో అక్క వస్తోంది అని నాన్నతో అనేదాన్ని. నువ్వు బట్టలు ఆరేసుకుని దిగిపోయేదానివి."

"ఆయన మాట్లాడతానన్నారు. ఆసుపత్రివాళ్ళతో..."

"ఎవరూ మాట్లాడలేదు. పొద్దున కూడా మేట్రన్‌ని అడిగాను. రేపు ఉదయం ఆఖరి విచారణ. మీ ఆయనకి నోటీసిచ్చారు, వచ్చి చెప్పమని. రానని కబురు పంపాడు. సోర్సు రహస్యమట."

"చెల్లీ..."

"నాతో మంచిగా మాట్లాడకక్కా. ఇప్పుడొద్దు." క్లిప్పు ఆమె చేతిలో పెట్టేసి నర్సమ్మాయి వెళ్ళిపోయింది. తలుపు దబ్బున పడింది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. తల తీసేసినట్టయింది. సోర్సు పేరు తల తెగినా చెప్పకూడదని రోజుకోసారి చెప్పే మనిషి తన మంచం మీద పడుకుంటాడు. ఆ మాట ఎప్పుడూ అనకుండా, ఉద్యోగం పోతున్నా, తండ్రి మందులు ఆగిపోతున్నా ఆమె పేరు చెప్పకుండా నిలబడిన మనిషి పైవాటాలో ఉంటోంది. కార్డు ఎవరి మెడలో ఉండాలి? ఆయన చేసింది తలుచుకుంటే అసహ్యం వేసింది. తను చేసింది తలుచుకుంటే అంతకన్నా వేసింది. "మా ఆవిడ చూసింది అంటే ఎవడు నమ్ముతాడు" అన్నది ఆయన ఒక్కడే కాదు, తను కూడా ఇన్నేళ్ళూ అదే నమ్మింది. అందుకే కదా, చూసినవన్నీ తెచ్చి ఆయన నోట్లో పోసింది! తన నోరు ఉన్నది రుచి చూడ్డానికీ, తిట్లు మింగడానికీ మాత్రమే అన్నట్టు బతికింది. పెద్ద డాక్టరు "ఏం చదువుకున్నారమ్మా" అంటే నోరు మూసుకుని వచ్చి మొగుడికి చెప్పింది. కొరియర్ మేనేజరు కుర్చీ తీసేస్తే మొగుడికి కూడా చెప్పలేదు. అది విశేషం కాదుగా. అసలు తన గురించిన వార్త ఒక్కటైనా ఆయన ఎప్పుడైనా అడిగాడా? తనెప్పుడైనా చెప్పిందా? గాలికి తెల్లచొక్కా చేతులు ఆమె మొహానికి తగులుతున్నాయి. విసుగ్గా పక్కకి నెట్టింది.

ఆదివారం పొద్దున ఆమె త్వరగా లేచింది. అత్తగారికి మొహం కడిగించి, మందులిచ్చి, పక్క మార్చింది. టిఫిను చేసి మూత పెట్టింది. చేసినవన్నీ రోజూ చేసే పనులే కాబట్టి ఆమె స్నానం చేసి బయటికి వెళ్ళే చెప్పులు తొడుక్కునేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

"ఎక్కడికి?" అన్నాడు ఆయన, గడ్డం గీసుకుంటూ.

"ఆసుపత్రికి. విచారణకి."

ఆయన చెయ్యి ఆగింది. సగం మొహం నురగ. "నీకు మతి పోయిందా? ఏం చెప్తావక్కడ?"

"నేను చూసింది."

"నన్ను నాశనం చేద్దామనా? సాయంత్రం సభ! పేపరువాళ్ళు బొమ్మతో సహా వేశారు ఆహ్వానం. ఆ పిల్ల కోసం మొగుణ్ణి బజారుకీడుస్తావా?"

"మీ పేరు నేనెత్తను. వాళ్ళడిగితే ఉన్నది చెప్తాను."

"నిన్నెవరు నమ్ముతారే?" అన్నాడు ఆయన. ఎప్పుడూ 'ఏమోయ్' అనే మనిషి నోట 'ఏమే' వచ్చేసింది. "నీ మొహం చూసి నమ్ముతారా? నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే బిక్కచచ్చిపోతావు. లాయరుంటాడక్కడ, పీకి పందిరేస్తాడు. వెళ్ళు, వెళ్ళి నవ్వులపాలై రా! కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఇవాళ వెళ్ళావంటే ఇక నీతో మాటల్లేవు. మళ్ళీ నిన్ను పలకరించను."

అదొక బెదిరింపని ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పలకరించకపోవడమంటే సాయంత్రం చెప్పులు విప్పుతూ "ఏంటి విశేషాలు" అని అడగకపోవడం. అంతే కదా!

"నువ్వెళ్తే నాకు కాలికి నూనె ఎవరు రాస్తారే?" అని లోపల్నుంచి అత్తగారు అరిచింది.

"మీ అబ్బాయికి ఇవాళ సెలవేనత్తయ్యా," అంది ఆమె.

మెట్లు దిగాల్సిన మనిషి డాబా మీదికి ఎక్కింది. తెల్లచొక్కా రాత్రి మంచుకి మళ్ళీ కాస్త తడిగా ఉంది. దాన్ని పట్టుకున్న క్లిప్పులు తీసి తన సంచిలో వేసుకుంది. చొక్కాని మడిచి పిట్టగోడ మీద పెట్టింది. ఇస్త్రీ చెయ్యలేదు.

ఆసుపత్రిలో విచారణ గది ఏసీ చల్లదనంతో ఉంది. పొడుగాటి బల్లకి అవతల పరిపాలనాధికారి, మేట్రన్, ఆసుపత్రి లాయరు. రౌండ్లలో చూసిన ఆ పెద్ద డాక్టరు కూడా. ఒక కొసన చెప్పినవి రాసుకోవడానికి కంప్యూటర్ ముందు ఒకతను. ఇవతల నర్సమ్మాయి ఒక్కతే, ఆమెకి కుర్చీ కూడా గోడవారగా వేశారు. తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషిని చూసి నర్సమ్మాయి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. ఆ మొహంలో స్నేహమేమీ లేదు. ఉండాలని ఆమె కూడా ఆశించలేదు.

"ఎవరండీ మీరు? లోపలికెలా వచ్చారు?" అన్నాడు పరిపాలనాధికారి.

మేట్రన్ ఆయన చెవిలో ఏదో అంది.

"ఓహో, రిపోర్టరుగారి భార్యా? ఆయన పంపించారా?"

"లేదండీ. నేనే వచ్చాను."

"చూడండమ్మా," అన్నాడు లాయరు, పెన్ను బల్ల మీద కొట్టుకుంటూ. "ఇది ఆడవాళ్ళ కబుర్లు చెప్పుకునే చోటు కాదు. మీవారు స్పష్టంగా రాశారు, ఒక నర్సు చూసి, ఫోటో తీసి, ఆయనకి చెప్పిందని. మీకేం సంబంధం?"

ఆమెకి పొద్దున ఆయన అన్నట్టే బిక్కచచ్చిపోతానేమో అనిపించింది. పెద్ద డాక్టరు వాచీ చూసుకుంటున్నాడు, అప్పుడు కేసుషీటు చూసుకున్నట్టే. ఆమె సంచిలో చెయ్యి పెట్టి క్లిప్పులు తీసి బల్ల మీద పోసింది. నున్నటి బల్ల మీద అవి గలగలమని చెల్లాచెదురయ్యాయి. ఒకటి దొర్లుతూ వెళ్ళి లాయరు ఫైలు దగ్గర ఆగింది.

"ఇదేంటిది?" అన్నాడు లాయరు.

"నా బట్టల క్లిప్పులండీ. ఎర్ర చుక్కలు నేనే పెట్టుకున్నాను. పేపర్లో ఫోటో తీసి చూడండి, గొట్టాలకి పెట్టినవి ఇవే. ఫోటో ఎక్కడో బయట తీసిందని నోటీసులో రాశారట. ఆ రోజు మీ ఆయా అడిగితే గుప్పెడిచ్చాను, తిరిగివ్వలేదు. మీ వెనకవైపు తొట్టి దగ్గర తీగ మీద ఇంకా ఉండే ఉంటాయి. పదండి, అందరం కలిసి వెళ్ళి చూద్దాం. ఆవిడని ఏమీ అనకండి, చెప్పిన పని చేసింది. చెప్పిందెవరో మీకే తెలియాలి."

ఎవరూ లేవలేదు. మేట్రన్ పేపరు దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని ఫోటోలోకి వంగింది. వంగినది తలెత్తలేదు. గోడవారన నర్సమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. పెద్ద డాక్టరు వాచీ చూడటం మానేశాడు.

"కానీ మీవారు నర్సని రాశారు కదా!" అన్నాడు లాయరు. ఈసారి గొంతు అంత ఎత్తున లేదు.

ఆమె కంప్యూటర్ ముందున్న అతనివైపు తిరిగింది. అతని వేళ్ళు మీటల మీద సిద్ధంగా ఆగి ఉన్నాయి. అలా తన మాట కోసం ఆగిన వేళ్ళని ఆమె ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉంది.

"రాసింది ఆయనండీ. చూసింది నేను," అంది. "నా పేరు చెప్తాను, రాసుకోండి."